మా అమ్మమ్మ క్షమించిన ఆదివారం

పేతురు నీళ్ళ మీద నాలుగడుగులు వేసి మునిగిపోయాడని చెబుతారు. ఆ రోజు ఆ పడవలో మా అమ్మమ్మ గనక ఉండి ఉంటే, చీర అంచు పైకి దోపుకుని గట్టుదాకా నడిచి వెళ్ళేది. మధ్యలో ఆగి, "ప్రభువా, నీ అంగీ అంచు తడిసి ముద్దయింది, విప్పి ఇటియ్యి, పిండి ఆరేస్తాను" అని కూడా అనేది. పన్నెండుమంది శిష్యులూ కలిసి నేర్చుకున్నదానికంటే మా అమ్మమ్మ ఒక్కతే ఎక్కువ నేర్చుకుంది. వాళ్ళు మూడేళ్ళు ఆయన వెంట తిరిగారు. మా అమ్మమ్మ నలభై ఏళ్ళుగా ఆయన్నే తన వెంట తిప్పుకుంటోంది.

ఇలా అంటే ఆవిడ ఊరుకోదు. "నోర్ముయ్యవే, పాపం తగుల్తుంది" అంటుంది. అయినా మనవరాలిని, గొప్పలు చెప్పుకునే హక్కు నాది. పైగా ఇకమీద రాయబోయేదాంట్లో గొప్పలకు పెద్దగా చోటు లేదు. అందుకే ముందే చెప్పేసుకున్నాను.

అమ్మమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఆసుపత్రి వెనక, వంటగది పొగగొట్టం పక్కన, పొడుగాటి రేకుల షెడ్డు అది. లోపలికి అడుగుపెడితే ఆవిరి తడిగుడ్డలా మొహానికి అతుక్కుంటుంది. ఒక చివర మురికి మూటలు, మధ్యలో ఉతికే యంత్రాలు, రెండో చివర వేడి రోలరు. రోలరంటే మంచమంత పొడుగున్న ఇనుప దూలం అనుకోండి. లోపల సెగ పెట్టుకుని అస్తమానం తిరుగుతూ ఉంటుంది. తడి దుప్పటి అంచు ఇటు అందిస్తే అటు నుంచి కొత్త కాగితంలా ఫెళఫెళలాడుతూ బయటికొస్తుంది. అంచు అందించడానికి ఇద్దరు కావాలి. వచ్చినదాన్ని మడవడానికీ ఇద్దరు కావాలి. రెండు పనులకూ ఆ ఇద్దరూ ఎవరంటే మా అమ్మమ్మా, ఆవిడ చెల్లెలు మా చిన్నమ్మమ్మా.

పెద్ద దుప్పటి మడవడం ఒక్కళ్ళ వల్ల కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకళ్ళ చేతిలోవి ఇంకొకళ్ళ చేతిలో పెట్టాలి. కింద వేలాడే మడత వంగి అందుకోవాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఎదురు. వాళ్ళిద్దరూ ఆ పని చేస్తూనే రోజంతా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. దగ్గరికొచ్చినప్పుడు గుసగుస, దూరమైనప్పుడు కేక. అందువల్ల షెడ్డులో అందరికీ వాళ్ళ కబుర్లలో సగం తెలిసేవి. అసలు సగం మాత్రం తెలిసేది కాదు.

చదువు విషయానికొస్తే, అమ్మమ్మ వాక్యం చదవగలదు. అక్షరం కింద వేలు పెట్టుకుని, వేలికంటే నెమ్మదిగా చదువుతుంది. నేనేమీ అనడానికి లేదు, పదో తరగతి రెండుసార్లు రాశాను, లెక్కలు నన్ను రెండుసార్లూ క్షమించలేదు. అమ్మమ్మకు ఒక పద్ధతి ఉంది. ఆదివారం మందిరంలో విన్నవాటిలో యేసు చెప్పిన మాట ఒక్కటి పట్టుకుని, వారమంతా దానితో కాపురం చేస్తుంది. "విన్నంత మాత్రాన మురికి పోదే. నానాలి. ఆదివారం నానబెడితే శనివారానికి వదుల్తుంది" అంటుంది.

అడిగినవాళ్ళకు ఇవ్వమన్న మాట నానబెట్టిన వారం నేను ఆవిడ గొడుగు అడిగాను, ఇచ్చింది. కొత్త చెప్పులు అడిగాను, ఇచ్చింది. ఫోను అడిగాను. "అడిగేవాళ్ళ గురించి చెప్పాడు గానీ దోచుకునేవాళ్ళ సంగతి ఇంకోచోట చెప్పాడు" అని చెప్పులు కూడా వెనక్కి లాక్కుంది. రేపటి గురించి చింతించవద్దన్న మాట పట్టుకున్న వారం రాత్రి బిందె నింపకుండా పడుకుంది. పొద్దున కుళాయి రాలేదు. పక్కింటావిడ దగ్గర చెంబుడు నీళ్ళు అడుక్కుని మొహం కడుక్కున్నాక, "చింతించొద్దన్నాడు గానీ బిందె నింపొద్దనలేదు" అని సర్దుకుంది. రెండో చెంప చూపించమన్న వారం సూపర్‌వైజరు ఎంత అరిచినా నవ్వుతూ నిలబడింది. ఆయన భయపడిపోయి, ఒంట్లో బాగాలేదేమోనని సగం పూట సెలవిచ్చి పంపాడు.

చిన్నమ్మమ్మకు ఈ నానబెట్టడాలు లేవు. మందిరానికి వచ్చేది, వెనక వరసలో ఫ్యాను కింద కూర్చునేది. "మా అక్క వాక్యాన్ని నానబెడుతుంది, నన్ను ఉతుకుతుంది" అనేది. ఆవిడ జోకులకు షెడ్డంతా నవ్వేది, ముందుగా అమ్మమ్మే నవ్వేది.

ఇద్దరూ ఎప్పుడూ ఎత్తని విషయం ఒకటుంది. నేను పుట్టకముందు వాళ్ళమ్మ మంచాన పడి ఉన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ వంతులవారీగా పక్కన కూర్చునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం, చిన్నమ్మమ్మ వంతులో, ఆవిడ లేచి సినిమాకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. తల్లి ప్రాణం పోయి ఉంది. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతూ ఉంది. అమ్మమ్మ ఆ చెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టి, సంగతి ఎవరికీ చెప్పలేదు, చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. ఇద్దరూ ఆ రోజును మడిచి అడుగున పెట్టి, దాని మీద ఇరవై ఏళ్ళ దుప్పట్లు పేర్చారు.

అది ఆ ఆదివారం బయటపడింది.

అంతకు ముందు వారం పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పారు. తోటివాళ్ళను మీరు క్షమించకపోతే పరలోకపు తండ్రి మిమ్మల్నెలా క్షమిస్తాడన్న మాట. అమ్మమ్మ దాన్ని నానబెట్టింది. శనివారానికి వదల్లేదు. అందుకని ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. సాక్ష్యమంటే, మా మందిరంలో పాటలయ్యాక ఎవరైనా లేచి ప్రభువు తమకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవడం. జ్వరం తగ్గిందని ఒకరు, పోయిన గొలుసు దొరికిందని ఇంకొకరు. అమ్మమ్మ అంతకుముందెప్పుడూ లేవలేదు. అందుకే అందరూ తిరిగి చూశారు.

"మా అమ్మ చివరి ఘడియలో నా చెల్లెలు పక్కన ఉండాల్సింది. సినిమాకి వెళ్ళింది. అమ్మ ఒంటరిగా పోయింది. ఇరవై ఏళ్ళు నా కడుపులో ఆ కోపం పెట్టుకున్నాను. ఇవాళ ప్రభువు ఎదుట, మీ అందరి ఎదుట, నా చెల్లెల్ని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను" అంది.

మందిరమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ ముక్కు చీదుకున్నాను. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, ఇలాంటి మనసు మనకందరికీ ఉండాలన్నారు. ఆరాధన అయ్యాక జనం చిన్నమ్మమ్మ చుట్టూ చేరి భుజం తట్టారు. "మీ అక్క దేవతమ్మా" అన్నారు. చిన్నమ్మమ్మ తలమీది ముసుగు సరిచేసుకుంటూ, పలకరించిన ప్రతివాళ్ళకూ తల ఊపుతూ, నవ్వుతున్నట్టే ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం రోడ్డుకి అవతలి పక్కన నడిచింది. ఇవతలి పక్కన అమ్మమ్మ నా భుజం మీద చెయ్యేసి, "మనసెంత తేలికైందో తెలుసా" అంది.

సోమవారం మొదటి దుప్పటి మడిచేటప్పుడు, ఎదురెదురుగా వచ్చి కొసలు అందించుకుంటూ చిన్నమ్మమ్మ అందట:

"నన్ను క్షమించమని నేను నిన్నెప్పుడడిగాను?"

అంతే. ఆ తర్వాత అక్కతో ఒక్క మాట లేదు.

మాటలు మానేశారు గానీ పని మానడానికి లేదు కదా. జోడీ మార్చమని అడిగితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాలి. అందువల్ల ఎవరూ అడగలేదు. రోజంతా ఎదురెదురుగా వచ్చేవాళ్ళు, చేతిలో చెయ్యి పెట్టేవాళ్ళు, వెనక్కి వెళ్ళేవాళ్ళు. అంత దగ్గరగా వచ్చి మొహం చూడకుండా ఉండటం ఎంత కష్టమో తెలియాలంటే మీకు గిట్టనివాళ్ళతో ఒక్క దుప్పటి మడిచి చూడండి. అమ్మమ్మ చూపు దుప్పటి అంచు మీదికి దించేసుకుంది. అలా దించిన చూపు మళ్ళీ ఎత్తలేదు.

రోలరు దగ్గర ఒక అలవాటుంది. అంచు అందించే ఇద్దరిలో ఎడమవైపు మనిషి కాలి కింద ఆపే మీట ఉంటుంది. కుడివైపు మనిషికి మీట లేదు, నోరుంది. గుడ్డ ముడత పడ్డా, ఏదైనా చిక్కుకున్నా "ఆపక్కా" అనాలి. మీట మీద అమ్మమ్మ కాలు, నోరు చిన్నమ్మమ్మది. వేళ్ళు లోపలికి పోకుండా ఇనుప అడ్డకమ్మీ ఒకటుండేది. దానివల్ల పని నెమ్మదవుతుందని ఎవరో ఎప్పుడో పైకెత్తి తాడుతో కట్టేశారు. అందరూ దాన్ని అలాగే చూస్తూ పనిచేసుకుపోయేవాళ్ళు.

అలా ఉండగా ఒక రోజు, రోగుల గౌనుకుండే నాడా ఒకటి తెగి, దుప్పటిలో కలిసిపోయి వచ్చింది. అది చిన్నమ్మమ్మ కుడి మణికట్టుకు చుట్టుకుంది. రోలరు దుప్పటిని లాగుతోంది, దుప్పటి నాడాను లాగుతోంది. "ఆపక్కా" అంటే సరిపోయేది. ఆవిడ అనలేదు. ఎడమచేత్తో విప్పుకోబోయిందని అవతల నిలబడ్డావిడ చెప్పింది. అమ్మమ్మ తలెత్తి ఉంటే చూసేది. ఎత్తలేదు. ఆఖరికి చిన్నమ్మమ్మ నోట్లోంచి కేక వచ్చింది, కానీ అందులో మాట లేదు. అమ్మమ్మ మీట తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది.

అమ్మమ్మ ఇంటికొచ్చినప్పుడు ఆవిడ చేతిలో చిన్నమ్మమ్మ చెప్పు ఒకటుంది. ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియదు. దాన్ని కడిగి, గుమ్మం పక్కన ఎండలో పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

చిన్నమ్మమ్మను అదే ఆసుపత్రిలో, ఆడవాళ్ళ ఆపరేషన్ల వార్డులో చేర్చారు. చెయ్యి నలిగింది, కాలింది, తర్వాత నల్లబడింది. మణికట్టు దగ్గర తీసేయాలనీ, లేకపోతే విషం పైకి పాకి ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరు చెప్పారు. చిన్నమ్మమ్మ ఒప్పుకోలేదు. పైగా నర్సుతో, "మా అక్కను మాత్రం లోపలికి రానివ్వొద్దు" అంది. మా ఇంటి నుంచి నాకొక్కదానికే అనుమతి.

"చిన్నమ్మమ్మా, తీయించుకో. చెయ్యి లేకపోతే బతకలేమా" అన్నాను.

"రెండు చేతులతో పుట్టాను, రెండు చేతులతో పోతాను. పైన లెక్క అడిగితే ఒకటి ఎక్కడో మర్చిపోయానని చెప్పమంటావా?"

"జోకులేంటి ఇప్పుడు?"

"మరి ఏడవమంటావా? ఏడిస్తే మీ అమ్మమ్మ దానికి కూడా నన్ను క్షమిస్తుంది. మందిరంలో అందరి ముందూ నా చావు అప్పుడే అయిపోయిందే. ఇప్పుడు మిగిలింది వైద్యమే" అంది.

బయటికొచ్చి చూస్తే అమ్మమ్మ వార్డు తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. పని అవగానే అక్కడికి రావడం, తలుపు తట్టడం. తట్టితే తీస్తారని యేసు చెప్పాడు కదా. నర్సుకు ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు. "ఏమ్మా, ఇది తలుపనుకున్నావా, మద్దెల అనుకున్నావా?" అని కసురుకుంది. అమ్మమ్మ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, నర్సు అటు వెళ్ళగానే మళ్ళీ తట్టింది, ఈసారి ఒక్క వేలితో.

పాస్టరుగారు వచ్చారు. వచ్చే ఆదివారం చెల్లెమ్మ కోసం ప్రత్యేక ప్రార్థన పెడదామన్నారు. "మీరూ లేచి రెండు మాటలు చెబితే సంఘానికి మేలు" అన్నారు.

"వద్దు అయ్యగారూ. ఆ మందిరంలో నా నోరు ఇక లేవకూడదు" అంది అమ్మమ్మ.

ఆ వారం ఆవిడ ఏ మాటా నానబెట్టలేదు. పాతవన్నీ ఒక్కొక్కటే తీసి, తాళంచెవుల గుత్తిలా వేసి చూస్తోంది. ఏదీ పట్టడం లేదు. ప్రార్థనకు మోకరించి, "తండ్రీ" అని, అక్కడే ఆగిపోయేది. నేను పక్కన కూర్చుని తర్వాతి మాట కోసం ఎదురు చూసేదాన్ని. మోకాళ్ళు నొప్పి పుట్టి నేనే ముందు లేచేదాన్ని. ఆవిడ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది. షెడ్డులో చిన్నమ్మమ్మ వార్డు మూట వస్తే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే విప్పేది. అందులో చిన్నమ్మమ్మ దుప్పటి చీము వాసన వేసేది. రోజురోజుకీ వాసన ఎక్కువవుతోందని ఆవిడకు డాక్టరుకంటే ముందు తెలిసింది.

ఒక మధ్యాహ్నం షెడ్డు వెనక మెట్ల మీద, తినని అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నావైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"కుడిచెయ్యి నీకు అడ్డమైతే నరికి పారెయ్యమన్నాడే ఆయన. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను పేజీ తిప్పేసేదాన్ని. ఇప్పుడు తిప్పడానికి లేదు. అడ్డమైంది నా నాలుక కదా, దాని చెయ్యి ఎందుకు పోవాలి?"

"ఆవిడ కూడా ఆపమనలేదు కదమ్మమ్మా."

"నేను చూస్తే అనాల్సిన పని లేదు కదా." డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "పాదాలు కడిగేటప్పుడు ఆయన కిందికి వంగాడే. నేను క్షమించడానికి లేచి నిలబడ్డాను. అప్పుడే తెలియాల్సింది."

మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం నానింది.

"ఇంకోటుంది. అమ్మ పోయిన రోజు భోజనాల వేళకు నేను వస్తాననీ, దాన్ని పంపేస్తాననీ చెప్పాను. రాలేదు. మందిరంలో ఆడవాళ్ళ కూటం. అప్పటి అయ్యగారు నా గొంతు బాగుందన్నారు, ఇంకో పాట పాడమన్నారు. పాడాను. ఆ తర్వాత ఇంకోటి. నేను చెప్పిన వేళకు వచ్చి ఉంటే అమ్మ ఒంటరిగా పోయేది కాదు."

"మరి సాక్ష్యంలో అది చెప్పలేదేం?"

"గుర్తురాలేదు."

లోపల రోలరు తిరుగుతున్న చప్పుడు.

"గుర్తుంది" అంది కాసేపటికి. "అది కూడా చెబితే సాక్ష్యం అంత బాగుండదనిపించింది."

"నా కంట్లో దూలం పెట్టుకుని దాని కంట్లో నలుసు తీశానే, అదీ నలుగురినీ పిలిచి చూపించి మరీ" అంటూ లేచి డబ్బా తీసుకుని నడిచింది. డబ్బాలో అన్నం కుక్కకు పెట్టింది. కుక్కతో కూడా ఏదో చెబుతోంది, నాకు వినపడలేదు.

మర్నాడు పొద్దున వార్డు ఆయాను కలిసింది. దుప్పట్లు మార్చడం ఆయా పని. లాండ్రీ వాళ్ళు గుమ్మం దగ్గర మూట దించేసి పోవాలి. "ఆ ఒక్క మంచం నేను మారుస్తాను తల్లీ" అంది. ఆయా అటూ ఇటూ చూసి, "నేను స్టోరు గదిలో ఉన్నాను. నాకేం తెలియదు" అని వెళ్ళిపోయింది. మనిషి పడుకుని ఉండగా దుప్పటి మార్చాలంటే అవతలి పక్క ఒకరుండాలి. అందుకని నేనూ వెళ్ళాను.

చిన్నమ్మమ్మ జ్వరంతో కళ్ళు మూసుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద విడిగా, ఆవిడది కానట్టు పడి ఉంది. నేను ఆవిణ్ణి మెల్లగా నావైపు తిప్పి పట్టుకున్నాను. అమ్మమ్మ పాతదాన్ని చుట్టి లోపలికి తోసి, కొత్తది పరిచి, పరుపు మూల మడత పెట్టింది. చిన్నమ్మమ్మ కళ్ళు తెరవలేదు.

"బయటికి పో" అంది.

ఆ మూల మడత ఎవరిదో ఆవిడకు పరుపు కదలిక బట్టే తెలిసిపోయింది.

"పోతాను. ఈ మూల కూడా పెట్టి పోతాను" అంది అమ్మమ్మ. "ఆ రోజు భోజనాల వేళకు వస్తానన్నాను. రాలేదు."

అమ్మమ్మ రెండో మూల అందుకుంది.

"నా కోసం ఎంతసేపు చూశావో నేనెప్పుడూ అడగలేదు."

"ఆట సగం అయిపోయేదాకా ఎదురుచూశాను." కళ్ళు మూసుకునే చెబుతోంది. "అమ్మ నిద్రపోయింది. నువ్వు మలుపులో వస్తూ ఉంటావనుకున్నాను."

"నేను పాట పాడుతున్నానే."

"తెలుసు. మందిరం ముందు నుంచే వెళ్ళాను. నీ గొంతు వినపడింది."

అమ్మమ్మ చేతిలో మూల అలాగే ఉండిపోయింది. "పిలవకపోయావా?"

"పాట మధ్యలో పిలిస్తే నీకు కోపం. నేనెవరికీ చెప్పలేదు" అంది.

ఇరవై ఏళ్ళుగా తెలిసీ ఆవిడ నోరు విప్పలేదు. కుడిచేత్తో చేసే మంచి ఎడమచేతికి తెలియకూడదని యేసు చెప్పిన మాట మా అమ్మమ్మ ఎన్ని వారాలు నానబెట్టిందో నాకు తెలుసు. నానబెట్టని ఆవిడ ఇదిగో, ఎదురుగా పడుకుని ఉంది.

అమ్మమ్మ మంచం పక్కన నేల మీద కూలబడింది. మోకరించిందని రాస్తే బాగుంటుంది గానీ, కాళ్ళలో సత్తువ లేక కూలబడింది.

"నన్ను క్షమించవే."

"క్షమించను."

"సరే." మంచం ఇనుప కోడు పట్టుకుంది. "చెయ్యి తీయించుకో."

"నీ కోసమా?"

"నా మీద కోపం ఉండాలన్నా నువ్వు బతికుండాలి కదే. నువ్వు పోతే నన్నెవరు తిడతారు?"

చిన్నమ్మమ్మ అప్పుడు కళ్ళు తెరిచింది. అక్కవైపు చూడలేదు, నావైపు చూసింది.

"ఏమే, వెళ్ళి ఆ డాక్టర్ని పిలువు. ఈవిణ్ణి తీసుకుపో. అటువైపు ముడత వదిలేసింది, సరిచెయ్యి."

చెయ్యి తీసేశారు. చిన్నమ్మమ్మ బతికింది. చదివేవాళ్ళు ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు, మా ఇంట్లో మాత్రం ఎవరూ పీల్చుకోలేదు. ఇంటికొచ్చాక ఆవిడ ఒక రోజంతా ఎడమచేత్తో రవిక గుండీ పెట్టుకోవడానికి కూర్చుంది. అమ్మమ్మ కిటికీ అవతల నిలబడి చూసి, ఇంటికొచ్చి, వెలుగున్నప్పుడే గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పటికీ కొన్ని పగళ్ళు అలా పడుకుంటుంది. పిలిస్తే పలకదు. నేను జోకు వేస్తే ఒకప్పుడు దిండు విసిరేది, ఇప్పుడు విసరదు.

షెడ్డులో అడ్డకమ్మీ కిందికి దించారు. చిన్నమ్మమ్మ చోటులో నన్ను పెట్టుకున్నారు. నేను పొట్టిదాన్ని, నావైపు దుప్పటి నేలకు తగులుతుంది. మొదటి రోజే అమ్మమ్మ నాకు ఒకటే నియమం పెట్టింది. కొసలు అందించేటప్పుడు మొహం చూడాలి. ఎంత కోపమున్నా చూడాలి.

ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల వేళ, రొట్టె విరిచేముందు, అమ్మమ్మ లేచి వెళ్ళిపోతుంది. నీ మీద నీ వాళ్ళకేదైనా కోపం ఉందని గుర్తొస్తే, తెచ్చిన కానుక అక్కడే వదిలేసి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నాడు కదా ఆయన. అందుకని వెళ్తుంది. రొట్టె తిని ఎన్నాళ్ళయిందో. చిన్నమ్మమ్మ తలుపు తీస్తుంది. ఒంటిచేత్తో జడ వేసుకోలేదు కనుక పీట మీద వీపు తిప్పి కూర్చుంటుంది. అమ్మమ్మ చిక్కు తీసి జడ వేస్తుంది. మాటలుండవు. మొన్న ఒక్కసారి "గట్టిగా లాగకు" అంది. అమ్మమ్మ ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, ఏడ్చి, ఇంకెవరికీ చెప్పొద్దంది.

ఇవన్నీ రాసేముందు చిన్నమ్మమ్మను అడిగాను. ఈ ఇంట్లో ఇంకోసారి అడక్కుండా ఎవరి సంగతీ నలుగురిలో పెట్టే ధైర్యం నాకు లేదు. ఆవిడ ఎడమచేత్తో నా చెవి మెలిపెట్టి, "రాసుకో. ఈసారి సగం కాదు, మొత్తం రాయి" అంది.

రాసింది నిన్న మధ్యాహ్నం షెడ్డు మెట్ల మీద అమ్మమ్మకు చదివి వినిపించాను. పేతురు దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. చివరిదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"అమ్మమ్మా, చివర్లో చిన్నమ్మమ్మ నిన్ను క్షమించేసినట్టు రాయనా? చదివేవాళ్ళకు బాగుంటుంది" అన్నాను.

"నీ మొహం. బాగుంటుందనే నేనూ ఒక మాట మింగేశాను. ఉన్నది ఉన్నట్టుంచి, లేచి కొసలు పట్టుకో."